మంచు కింది గొంతు

కంభం,
జూన్.

చెల్లెలు హాజరాకు,

నువ్వూ ఖాలిక్కూ నిదా అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే మీ ఫ్లాట్‌లో ఒక గదిలో మాట ఇంకో గదిలో వినపడుతుందని నువ్వే చెప్పినావు కాబట్టి మీ ఆఫీసు అడ్రసుకు రాస్తున్నాను. ఈ సంగతి ఖాలిక్‌కు చెప్పాలా వద్దా అనేది చదివినాక నువ్వే తేల్చుకో.

మా ఎమ్మెల్యే వెంకటేశ్వర రావు గారు ఆఖరికి ఒప్పుకున్నారు. అంగన్‌వాడీ మూసి, సాయంత్రాలు ఆయన ఆఫీసు ముందర కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన భార్యే చూసి లోపలికి పిలిచింది. మా ఆయన బసవయ్య మిలిటరీ నుంచి గడువు కంటే ముందే ఇంటికొచ్చేయడం, మనిషి మునపటి మాదిరి లేకపోవడం, పోవడం, అన్నీ చెప్పినాను. ఎమ్మెల్యే గారు అంతా విని, "కాలు పోయినోడికి సర్కారు సాయం ఉంది, కన్ను పోయినోడికి ఉంది. మనసు చెదిరినోడికి ఏమీ లేదా?" అన్నాడు. లేదని చెప్పినాను.

పెన్షన్ ఢిల్లీ వాళ్ళ చేతిలోదంట, మన రాష్ట్రం దాని జోలికి పోకూడదంట. కానీ వైద్యం, ఇంటి స్థలం, భార్యకు ఉద్యోగం ఇట్లాంటివి రాష్ట్రం ఇయ్యొచ్చంట. మిలిటరీలో మనసు దెబ్బతిన్న వాళ్ళకూ వాళ్ళ ఇంట్లో వాళ్ళకూ ఇవి ఇయ్యాలని అసెంబ్లీలో బిల్లు పెడతానన్నారు. దాన్ని రాసే పని దీక్షిత అనే లాయరమ్మాయికి అప్పగించినారు. ఆ పిల్ల నన్ను కూర్చోబెట్టి ఒక్కటే అడిగింది. "ఆ కొండ మీద ఏం జరిగిందో చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అక్కా?"

సరిహద్దులో ఆ మంచు కొండ మీది పోస్టులో తెలుగువాళ్ళు ముగ్గురే. గిద్దలూరు పిల్లోడు లోహిత్ మంచు చరియ కింద పడి అక్కడే పోయినాడు. మా ఆయన పోయి రెండేండ్లయింది. మిగిలింది మీ ఆయన.

ఖాలిక్ ఒకసారి వచ్చి చెప్తాడా? మా ఆయన తమ్ముడిగా చూసుకున్న నా మరిదిని ఇంతవరకు నేను ఏదీ అడగలేదు.

భానుమతి


రాఫెల్స్ ప్లేస్, సింగపూర్,
జూలై.

భానక్కకు హాజరా సలాములు.

నీ ఉత్తరం చూసి సంతోషించాను. బసవన్న కోసం నువ్వు ఇంత తిరుగుతున్నావంటే గర్వంగానూ ఉంది. అల్లా దయవల్ల మేము బాగున్నాం. నిదా చదువు బాగా సాగుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆయన జురాంగ్‌లో అదే ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజరుగా ఉన్నారు. వాళ్ళ బాస్‌కు ఆయనంటే మంచి గురి.

మేము ఈ ఊరికి ఎందుకు వచ్చామో నీకు తెలుసు కదా. నాకు బ్యాంకు ఐటీలో మూడు దేశాల నుంచి ఆఫర్లు వస్తే, "ఎక్కడికైనా పోదాం, చలికాలం మాత్రం ఉండకూడదు" అన్నారు. ఇక్కడ లేదు. ఏడాది పొడుగునా ఒకటే ఎండ, ఒకటే వాన. ఇంట్లో ఏసీ ఉంది, ఒక్కరోజు కూడా వేయలేదు. నిదా స్నేహితులు వస్తే చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటారు, పాపం.

ఆయన్ని అడగలేదు అక్కా. అడగను కూడా. ఆయనిప్పుడు బాగానే ఉన్నారు. బాగున్న మనిషిని పట్టుకుని మళ్ళీ ఆ మంచులోకి తీసుకెళ్ళలేను. మా ఇంట్లో లోహిత్ పేరు ఎవరూ ఎత్తం.

ఇంకేదైనా సాయం కావాలంటే చెప్పు. టైపింగు, ఇంగ్లీషు తర్జుమా, ఏదైనా చేస్తాను. ఇది ఒక్కటి అడగవద్దు.

నీ చెల్లెలు
హాజరా


కంభం,
ఆగస్టు.

హాజరా,

నీ జవాబు అందింది. సరే. ఇక్కడి సంగతులు మాత్రం రాస్తాను.

బిల్లు సభలోకి వచ్చింది. నేను వెలగపూడి పోయి పైన గ్యాలరీలో కూర్చుని చూసినాను. ప్రభుత్వం పెట్టింది కాదు, సభ్యుడు సొంతంగా పెట్టిన బిల్లు కాబట్టి భోజనాలైనాక కాస్త టైమిచ్చినారు. సగం కుర్చీలు ఖాళీ. వెంకటేశ్వర రావు గారు మాట్లాడినంతసేపూ ఎవరో ఒకరు లేచి బయటికి పోతానే ఉన్నారు. ఆఖర్న మంత్రి గారు లేచి, ఉద్దేశం మంచిదే, ప్రభుత్వమే ఇట్లాంటి బిల్లు తెస్తుంది, దీన్ని వెనక్కి తీసుకోండి అన్నాడు. ఈయన తీసుకున్నాడు. అంతే, అయిపోయింది. మెట్ల కాడ దీక్షిత నా చెయ్యి పట్టుకుని, "ఓడిపోలేదక్కా. మన పేరు మీద వస్తే ఎప్పటికీ గెలవదు. వాళ్ళ పేరు మీద వస్తే గెలుస్తుంది" అన్నది.

అన్నట్టుగానే ప్రభుత్వం తన బిల్లు రాయడం మొదలుపెట్టింది. ముసాయిదాలో "విధి నిర్వహణలో గాయపడిన లేదా మరణించిన" అని ఉంది. ఈ "లో" తోనే తంటా అంటుంది దీక్షిత. లో అంటే అక్కడే, యూనిఫారంలో ఉండంగానే. ఇంటికొచ్చి ఏండ్ల తర్వాత పోయినోడు ఆ మాట కిందికి రాడు. దాన్ని "వల్ల" అని మార్చాల. వల్ల అంటే ఎక్కడ పోయినా, ఎప్పుడు పోయినా, కారణం అదే అయితే చాలు. ఆ ఒక్క మాట మారాలంటే బిల్లును పరిశీలించే సభ కమిటీ ముందర ఎవరో ఒకరు నిలబడి అది దానివల్లే అని చెప్పాల. నిన్ను అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇంకొకటి. మా ఆయన గుండె ఆగి పోయినాడని మీకు రాసినాను. ఆగిన మాట నిజమే. ఎట్లా ఆగిందో రాయల్లేదు.

ఇంటికొచ్చిన మరుసటేడు నుంచి ఆయన గోతులు తవ్వేవాడు. మొదట దొడ్లో. చెట్టు నాటుతాడేమో అనుకున్నాను. తవ్వి, అందులో బోర్లా పండుకుని, నేలకు చెవి ఆనించి వినేవాడు. నేను తెల్లారంగనే ఎవరూ చూడకముందే మన్ను పూడ్చేదాన్ని. మిగతా అంతా మామూలే. తినేవాడు, నవ్వేవాడు, పొలం పోయేవాడు. ఆ తర్వాత చేలో మొదలుపెట్టినాడు. చివరిది మనిషి లోతు దాటింది. వానలకు మన్ను నాని ఉంది. నేను అన్నం తీసుకుని పోయేసరికి చేలో గొయ్యే లేదు. అంతా చదునుగా ఉంది. పార మాత్రం గట్టు మీద ఉంది.

పిచ్చోడు తన గొయ్యి తానే తవ్వుకున్నాడని ఊళ్ళో అన్నారు. ఆ మాట మీ దాకా రాకూడదని గుండె అని రాసినాను.

భానుమతి


రాఫెల్స్ ప్లేస్,
సెప్టెంబరు.

భానక్కా,

నీ ఉత్తరం ట్రైన్‌లో చదివాను. మా ఇంటి స్టేషను బూన్ లేలో దిగాలి, దిగలేదు. చివరి స్టేషను దాకా వెళ్ళి అదే ట్రైన్‌లో వెనక్కి వచ్చాను.

ఆయన బాగున్నారని రాశాను కదా. బాగాలేరు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, హాల్లో టైల్స్ మీద పడుకుంటారు. నడుముకు మంచిదంటారు. కాసేపటికి బోర్లా తిరుగుతారు. వేలి కణుపుతో నేల మీద కొడతారు. ఆగి వింటారు. మళ్ళీ కొడతారు. "ఉన్నాం, ఉన్నాం" అంటారు. చిన్నప్పుడు నిదా అది ఆట అనుకుని తనూ పక్కన పడుకుని కొట్టేది. ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది.

మా కింద ఫ్లాట్‌లో ఒక చైనీస్ ఆంటీ ఒక్కతే ఉంటుంది. పాపం ఎప్పుడూ ఏమీ అనలేదు. పోయిన నెల ఆమెకు ఒంట్లో బాగాలేదు. ఈ చప్పుడు భరించలేక చీపురు కర్రతో తన సీలింగును పైకి పొడిచింది. ఆయనకు కింది నుంచి తిరిగి చప్పుడు వినపడింది అక్కా. ఇన్నేళ్ళలో మొదటిసారి.

నిదా ఆఫీసుకు ఫోన్ చేసింది. "మమ్మీ, డాడీ ఫ్లోర్ పగలగొడుతున్నారు. కమ్ హోమ్, ప్లీజ్" అంది. నేను వెళ్ళేసరికి హాల్లో సగం టైల్స్ లేచిపోయి ఉన్నాయి. సుత్తి పక్కన పడేసి వేళ్ళతో సిమెంటు గీరుతున్నారు. గోళ్ళ సందుల్లో నెత్తురు. నన్ను చూసి, "వీడు బతికే ఉన్నాడు హాజరా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి" అన్నారు. ఎంత మామూలుగా అన్నారంటే, బీరువా జరపడానికి పిలిచినట్టు అన్నారు. కింది ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఆ కర్రతోనే. "సారీ, సారీ" అంటోంది. ఆమెకు ఏం చెప్పను?

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మందు ఇచ్చాడు, వేసుకుంటున్నారు. ఏం జరిగిందో చెప్పండి అంటే మాత్రం నోరు విప్పరు. గోడ వైపు చూస్తారు.

మీ చేలో గొయ్యి చదునుగా ఉందని రాశావే, నేను ఆ వాక్యం దాటి రాలేకపోతున్నాను. మేమున్నది పన్నెండో అంతస్తు, ఇక్కడ ఎంత తవ్వగలరులే అని ధైర్యం చెప్పుకుంటున్నాను. ఇదేం ధైర్యమో నువ్వే చెప్పు.

హాజరా


కంభం,
అక్టోబరు.

చెల్లీ,

"ఉన్నాం" అంటాడా ఖాలిక్?

మా ఆయనదీ అదే మాట. గోతిలో పండుకుని, "ఉన్నాం రా" అనేవాడు. ఎవరితో అని అడిగితే లేచి, కాళ్ళు కడుక్కుని, ఇంట్లోకి వచ్చేవాడు. ఇద్దరు మనుషులు, ఒకరు ఇక్కడ ఒకరు సముద్రం అవతల, ఒకే మాట అంటున్నారంటే అది పిచ్చి కాదు. వాళ్ళను ఎవరో ఏదో అడుగుతున్నారు. దానికి జవాబు అది.

ప్రభుత్వం బిల్లు సభలో పెట్టినారు. దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపినారు. డిసెంబరులో సాక్షులను పిలుస్తారంట. అదంతా పక్కన పెట్టు. బిల్లు ఈసారి కాకపోతే ఇంకోసారి. ఖాలిక్ చెవి కింద ఎవరున్నారో, ఏం అడుగుతున్నారో కనుక్కో. ఊరికే ఊరుకుంటే తగ్గుతుందని నేను అనుకున్నాను. తగ్గదు.

భానక్క


బూన్ లే,
నవంబరు.

భానక్కా,

నీ ఉత్తరాలన్నీ ఆయన చేతికే ఇచ్చాను. జూన్‌లో రాసిన దాని నుంచి వరసగా. చేలో గొయ్యి గురించి రాసింది చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం సామాన్లకు లిటిల్ ఇండియా వెళ్ళాం. ఆదివారం అక్కడ ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. వారమంతా పనిచేసిన కుర్రాళ్ళందరూ ఆ రోడ్ల మీదే ఉంటారు. గడ్డిలో గుంపులు గుంపులుగా కూర్చుని ఇళ్ళకు ఫోన్లు చేస్తుంటారు. తెలుగు, తమిళం, బెంగాలీ, అన్నీ ఒకేసారి. ఆయన ఆ గోల మధ్యలో గడ్డి మీద కూర్చుని, "ఇక్కడైతే చెప్పగలను, నిశ్శబ్దంగా ఉంటే చెప్పలేను" అన్నారు.

మంచు చరియ పడినప్పుడు లోహిత్ కాపలాలో ఉన్నాడట. చేతిలో వైర్‌లెస్ సెట్టు. పోయాడనే అందరూ అనుకున్నారు. కాసేపటికి వీళ్ళ దగ్గరున్న సెట్టులో గొంతు వచ్చింది. "ఉన్నారా అన్నా?" అని.

"మా ఆఫీసరు ఉత్తరాది ఆయన. మిగతావాళ్ళూ అంతే. వాళ్ళకు గొంతు వినపడింది. మాట మా ఇద్దరికే వినపడింది" అన్నారు. "బసవన్న సెట్టు పట్టుకుని ఉన్నాం రా, తవ్వుతున్నాం అని అరిచాడు. వాడికి అందలేదు. వాడి సెట్టు మాట పంపుతోంది గానీ తీసుకోవడం లేదు. మళ్ళీ ఉన్నారా అన్నా అన్నాడు. మేము ఉన్నాం అన్నాం. మళ్ళీ అడిగాడు. వాడు అడగడం, మేము చెప్పడం, వాడికి అందకపోవడం."

"ఇంకేం అన్నాడు?" అని అడిగాను.

"కాళ్ళు తెలియడం లేదన్నాడు. మంచులోంచి వెలుతురు నీలంగా కనపడుతోందన్నాడు. మేము వెళ్ళిపోయామేమో అనుకుని ఒకసారి తిట్టాడు, తర్వాత తప్పయిందన్నాడు. మంచు వాణ్ణి పక్కకు లాక్కెళ్ళింది హాజరా. మేము తవ్విన చోట వాడు లేడు. చివర్లో మాతో మాట్లాడటం మానేసి వాళ్ళమ్మతో మాట్లాడాడు."

ఏం మాట్లాడాడని అడిగితే తల అడ్డంగా ఊపారు. "అవి నీక్కూడా చెప్పను" అన్నారు.

శవపేటికతో గిద్దలూరు వెళ్ళింది బసవన్న. నిద్రలోనే పోయాడమ్మా, నొప్పి తెలియలేదు అని ఆ తల్లికి చెప్పి వచ్చాడట. ఆమెకు ఇంకేం చెప్పగలం ఖాలిక్ అన్నాడట. ఇద్దరూ ఆ మాట మీదే ఉండిపోయారు. అందుకే డాక్టరుకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. "నేను కమిటీలో చెప్తే పేపర్లో వస్తుందని వదినకు తెలియదా? ఆ తల్లి ఇదంతా పేపర్లో చదవాలా?" అన్నారు.

లేచేటప్పుడు ఆయనే అన్నారు. "ముందు ఆమె దగ్గరికి పోతాను. ఆమె వద్దంటే తిరిగొచ్చేస్తాను. బిల్లు ఏమైనా సరే."

నేనూ వస్తానంటే వద్దన్నారు. అక్కడ ఏడుపు వస్తే నువ్వు చూడకూడదన్నారు. ఆయన్ని నీ దగ్గరికి పంపుతున్నాను అక్కా. డిసెంబరులో మన దగ్గర తెల్లవారుజామున చలి ఉంటుంది. దుప్పటి కప్పబోతే ఉలిక్కిపడతారు. పిలిచి కప్పు.

హాజరా


కంభం,
డిసెంబరు.

హాజరాకు,

ఖాలిక్‌ను విమానం ఎక్కించి వచ్చి కూర్చున్నాను. ఈపాటికి నీ కాడికి చేరి ఉంటాడు. ఆయన చెప్తాడో చెప్పడో, నేను చూసింది నీకు రాయాల.

లోహిత్ వాళ్ళమ్మ శ్యామలాదేవి. గిద్దలూరులో స్టేషను వెనక ఉంటుంది. బళ్ళో టీచరుగా చేసి రిటైరయింది. మొగుడు ముందే పోయినాడు. ఒక్కడే కొడుకు. మేము పోయేసరికి వాకిట్లో బియ్యం చెరుగుతా ఉంది. ఖాలిక్ చెప్పులు విడిచి లోపలికి పోయి నేల మీద కూర్చున్నాడు. ఆమె కుర్చీ వేసినా కూర్చోల్లేదు.

"అమ్మా, నేను లోహిత్‌తో ఉన్నోణ్ణి" అన్నాడు.

"బసవయ్య చెప్పినాడు నీ గురించి. కాఫీ తాగుతావా?"

"తర్వాత తాగుతాను. ముందు నా మాట వినండి. విన్నాక నన్ను పొమ్మంటే పోతాను."

అంతా చెప్పినాడు. దాచకుండా చెప్పినాడు. ఆమె మొగంలో ఏమీ మారల్లేదు. చేతిలో చేట అట్లాగే పట్టుకుని ఉంది. చివరి మాటల కాడికి వచ్చినాక ఖాలిక్ నా వైపు చూసినాడు. నేను లేచి బయట అరుగు మీద కూర్చున్నాను. ఆ మాటలేందో నాకూ తెలియదు చెల్లీ.

కాసేపటికి లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది. "మళ్ళీ చెప్పు" అన్నది. ఖాలిక్ గొణిగినట్టు చెప్పినాడు. "మళ్ళీ" అన్నది. మళ్ళీ చెప్పినాడు. అట్లా ఎన్నిసార్లు చెప్పించుకుందో.

నన్ను లోపలికి పిలిచినప్పుడు ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏడ్చింది ఖాలిక్. ఆమె అన్నది, "నిద్రలో పోయినాడంటే నమ్మినాను. నొప్పి లేకుండా పోయినాడులే అనుకునేదాన్ని. కానీ నన్ను తలుచుకోకుండానే పోయినాడు కదా అని ఇన్నేండ్లూ లోపల ఉండేది. ఎవరికి చెప్పుకుంటాను అది?"

ఖాలిక్ కమిటీ సంగతి చెప్పినాడు. ఆమె ఆలోచించింది. "చెప్పు నాయనా. నా కొడుకు మాటలు వాళ్ళ రికార్డులోకి ఎక్కనీ. ఆ చివరివి మాత్రం వద్దు. అవి నావి" అన్నది. అప్పుడు కాఫీ పెట్టింది.

వెలగపూడిలో కమిటీ హాలు ఏసీకి గడ్డకట్టినట్టు ఉంది. లోపల అడుగు పెట్టంగానే ఖాలిక్ నిలబడిపోయినాడు. నేను వెనక్కి పోదామా అన్నాను. దీక్షిత పరిగెత్తిపోయి చైర్మన్ గారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన ఏసీ ఆపించి, కిటికీలు తెరిపించినాడు. ఎండ లోపల పడినాకే ఖాలిక్ కూర్చున్నాడు.

చెప్పినాడు. ఒక సభ్యుడు అడిగినాడు, "ఇంతకుముందు ఇది ఎక్కడా ఎందుకు చెప్పలేదు?"

"అప్పట్లోనే మిలిటరీ విచారణలో చెప్పినానండి. ఇంగ్లీషులో చెప్పమన్నారు. 'ఆర్ యూ దేర్' అన్నాడని చెప్పినాను. రాసుకున్నారు. ఆ మాటను ఫోన్లో ఎవరైనా ఎవరినైనా అంటారు కదండీ. ఇక్కడ 'ఉన్నారా అన్నా' అంటే మీ అందరికీ తెలుస్తుంది."

ఇంకో పెద్దాయన, నిజంగా తెలుసుకుందామనే అడిగినాడు, వెటకారంగా కాదు. "బసవయ్య గారు సొంత చేలో మన్ను కూలి పోయినారు. దానికీ ఆ మంచుకూ సంబంధం ఏమని రాసుకోవాలి బాబూ?"

ఖాలిక్ కొంచెంసేపు చేతులు చూసుకున్నాడు. "ఆయన చేలో తవ్వడం మొదలుపెట్టలేదండి" అన్నాడు. "కొండ మీద మొదలుపెట్టిందే ఆపలేదు. అంతే."

నేను తల పైకెత్తలేకపోయినాను. నా పెళ్ళయినాక మా ఆయన గురించి ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే అనిపించింది.

దుప్పటి పిలిచే కప్పినాను.

భానక్క


బూన్ లే,
జనవరి.

భానక్కా,

ఆయన క్షేమంగా చేరారు. వచ్చిన మరునాడే కొత్త టైల్స్ తెచ్చి, తనే కూర్చుని పరిచారు. కింది ఆంటీకి ఒక డబ్బాలో ఖీర్ పట్టుకెళ్ళారు. ఆమె బదులుగా నారింజలు ఇచ్చింది. డాక్టరుకు అంతా చెప్పారు. ఆయన చెప్తుంటే నేను బయట కూర్చున్నాను, లోపలి నుంచి ఆయన గొంతు ఆగకుండా వినపడుతూనే ఉంది. అందరూ మెచ్చుకునేంత మార్పు. డాక్టరు కూడా అన్నాడు.

కానీ నీకు నిజం రాయాలి. మొన్న సాయంత్రం హాల్లో పడుకున్నారు. నేల మీద కొట్టారు. విన్నారు. మళ్ళీ కొట్టారు. కాసేపటికి నా పేరు పెట్టి పిలిచారు. వెళ్ళి పక్కన కూర్చుంటే, "వాడు పలకడం లేదు హాజరా" అన్నారు. గిద్దలూరు నుంచి వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా పలకలేదట. చెప్తూ చెప్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నిదా గదిలోంచి వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఈ గొంతు ఆగిపోవాలని ఎన్నేళ్ళు దువా చేశానో అల్లాకే తెలుసు. ఆగింది. ఆగాక ఆయన ఇంట్లో ఒంటరిగా తిరుగుతున్నట్టు ఉంది. నేనూ నిదా ఉన్నాం, అయినా సరే.

చట్టం ఏమైంది? నీకు ఏం వస్తుందో వివరంగా రాయి. ఆయన రోజూ అడుగుతున్నారు.

హాజరా


కంభం,
ఏప్రిల్.

చెల్లెలు హాజరాకు,

చట్టం వచ్చేసింది. కమిటీ "లో" కొట్టేసి "వల్ల" రాసి పంపింది. మార్చిలో సభలో ఒక్కో క్లాజూ చదివి, అనుకూలమైనవాళ్ళు అవుననండి, కాదన్నవాళ్ళు కాదనండి అని అడిగినారు. ఆ మాట కాడికి వచ్చినప్పుడు కాదని ఎవరూ అనలేదు. తర్వాత కౌన్సిల్‌లో నెగ్గింది. గవర్నరు గారు సంతకం పెట్టినారు. గెజెట్‌లో అచ్చయింది. దీక్షిత ఆ పేజీ తెచ్చి నా చేతిలో పెట్టి, నా కంటే ముందు తను ఏడ్చింది.

ఇప్పుడు నువ్వు అడిగింది చెప్తాను. నాకు ఏమీ రాదు. చట్టం అమలైన రోజు నుంచి బతికున్న వాళ్ళకూ, ఇక ముందు పోయేవాళ్ళ ఇంటివాళ్ళకూ వర్తిస్తుంది. ముందే పోయినవాళ్ళకు కాదు. వాళ్ళనూ కలిపితే అంత ఖర్చుకు ఒప్పుకునేది లేదని ఆర్థిక శాఖ వాళ్ళు పట్టుబట్టినారు. బిల్లే ఆగిపోయేటట్టుంటే, జనవరిలో వెంకటేశ్వర రావు గారు నన్ను పిలిచి ఏం చేయమంటావమ్మా అని అడిగినారు. మాది తీసేయండి అన్నాను. ఖాలిక్ బాధపడతాడని అప్పుడు రాయల్లేదు. మన ఊరికొచ్చి పేరు నమోదు చేయించుకుంటే ఆయనకు అన్నీ వర్తిస్తాయి. వచ్చి చేయించుకొమ్మని వదిన చెప్పిందని చెప్పు. నేను బాగానే ఉన్నాను. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇట్లాంటి మొగుళ్ళున్న ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఇప్పుడు తెలుస్తోంది. ఒక్కొక్కరే వస్తున్నారు. గొంతు తగ్గించి మాట్లాడతారు. వాళ్ళ వెంట ఆసుపత్రికి పోతున్నాను.

చట్టంలో కుటుంబం అన్న చోట తల్లిదండ్రులను కూడా చేర్చమని నేను అడిగి చేర్పించినాను. ముందే పోయినవాళ్ళ తల్లులకు వేరేవి రాకపోయినా, వైద్యం ఒక్కటి ఉంటుంది, దానికి ఖర్చు తక్కువ కాబట్టి ఒప్పుకున్నారు. గిద్దలూరు ఆసుపత్రికి మనసు జబ్బుల డాక్టరు వారానికొకసారి వస్తున్నాడు. ఆ సంగతి చెప్దామని పోయిన వారం శ్యామలాదేవమ్మ ఇంటికి పోయినాను.

మిట్టమధ్యాహ్నం. తలుపు తీసే ఉంది. ఆమె వసారాలో నేల మీద బోర్లా పండుకుని ఉంది, చెంప బండకు ఆనించి. పడిపోయిందేమోనని గాబరాగా దగ్గరికి పోబోతే, పెదాల మీద వేలు పెట్టుకుని నన్ను ఆగమంది. ఆగినాను. కాసేపటికి ఆమె ఆ బండతో, "ఉన్నాను నాయనా" అన్నది.

తర్వాత లేచి, జుట్టు సరిచేసుకుని, నాకు మజ్జిగ ఇచ్చింది. ఎప్పటినుంచి అని అడిగినాను. "ఖాలిక్ వచ్చిపోయినప్పటి నుంచి" అన్నది.

"అమ్మా, కొత్త చట్టంలో మీకు కూడా వైద్యం ఉంది. శుక్రవారం డాక్టరు వస్తాడు. నేను తోడొస్తాను" అన్నాను.

"మందు వేసుకుంటే ఏమైతుంది?"

"ఆ గొంతు తగ్గుతుంది."

ఆమె గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. కోపమేం లేదు. బళ్ళో పిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "అప్పుడు వాడు అడిగితే ఎవరి మాటా వాడికి అందలేదంట కదమ్మా. ఇప్పుడు నా మాట అందుతోంది. వాడు నవ్వుతున్నాడు కూడా. అట్లాంటిది మందేసుకుని వాడి నోరు నేనే మూయనా? నాకొద్దు."

బస్సుకు టైమైందని లేచినాను. నేను గడప దాటంగనే ఆమె మళ్ళీ నేల మీదికి ఒరిగింది. చెప్పులు చేతిలో పట్టుకుని, ఆ ఎండలో వట్టి కాళ్ళతోనే వాకిలి దాటినాను, నా నడక చప్పుడుకు ఆమెకు ఆ మాట వినపడకుండా పోతుందేమోనని.

భానక్క